కనపడని అతుకుకు జవాబుదారీ ఎవరు?

దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాకు ఇనుము పేరే ఉంది. అది 57వ సూరా అల్ హదీద్. అందులోని 25వ ఆయతులో అల్లాహ్ తన ప్రవక్తలను పంపిన సంగతినీ, వారితోపాటు గ్రంథాన్నీ త్రాసునూ అవతరింపజేసిన సంగతినీ తెలిపి, ఆ తరువాత ఇనుమును ప్రస్తావించాడు. అందులో మహాశక్తి ఉందనీ, మానవులకు ప్రయోజనాలున్నాయనీ తెలియజేశాడు. త్రాసు, ఇనుము ఒకే ఆయతులో చోటు చేసుకోవడం ఆలోచించదగ్గ విషయం. శక్తి ఉన్నచోట న్యాయం కూడా ఉండాలి. న్యాయం తప్పితే మేలు చేయవలసిన ఇనుమే ప్రాణాలు తీస్తుంది.

ఈ మాట అనగానే కత్తులు, తుపాకులు గుర్తుకొస్తాయి. కాని మేము ఇక్కడ చెప్పదలచుకున్నది యుద్ధాల గురించి కాదు. రోడ్డు పక్కన రేకుల షెడ్లలో నిప్పురవ్వల మధ్య కూర్చుని గేట్లు, ట్రస్సులు, ట్యాంకులు, పడవలు తయారుచేసే మన పిల్లల గురించి. వారి చేతిలోనూ శక్తి ఉంది. వారి దగ్గరా ఒక త్రాసు ఉండాలి.

కొంతకాలం క్రితం ఏలూరులోని ఒక మస్జిదులో అసర్ నమాజు ముగించుకొని లేస్తుండగా పంతొమ్మిదేళ్ళ అబ్బాయి ఒకడు మా పక్కకు వచ్చి కూర్చున్నాడు. చేతుల మీద చిన్నచిన్న కాలిన మచ్చలున్నాయి. తోపుడుబండి మీద పళ్ళమ్మే తండ్రి, పెళ్ళికెదిగిన చెల్లెలు, అద్దె ఇల్లు. ఎనిమిది నెలలుగా ఒక ఫాబ్రికేషన్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు.

“చాచా, ఒక మస్అలా అడగాలి” అన్నాడు. “నేను దొంగతనం చేయలేదు. ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు. మేస్త్రీ చెప్పిన పని చేశానంతే. అయినా నమాజులో నిలబడితే ఆ పడవే కళ్ళముందు కొస్తోంది. దాని పాపం ఆయనదా, నాదా?”

ఏ పడవ అని అడిగాము. అతను చెప్పిన సంగతి ఇది.

రంగు కింద ఏముంది?

కొల్లేటి చుట్టూ ఉన్న చేపల చెరువుల్లో తవుడును చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, నీళ్ళలో పాతిన వెదురు గెడలకు కట్టి చేపలకు మేతగా ఇస్తారు. ఆ సంచులను చెరువు మధ్యకు చేర్చేది పడవే. పూర్వం తాటిదోనెలుండేవి. ఇప్పుడు ఇనుప పడవలు వచ్చాయి. మేత బరువుకు పడవ అంచుదాకా మునుగుతుంది. దానిమీద తెల్లవారుజామున ఒకరిద్దరు కూలీలు నిలబడి పని చేస్తారు. వారిలో అందరికీ ఈత రావాలని లేదు. ఈత వచ్చినా బురద చెరువులో, ఒంటిమీద బట్టలతో, సంచుల కింద చిక్కుకుంటే అది ఎంతవరకు పనికొస్తుంది?

అలాంటి పడవ ఒకటి షెడ్డులో తయారైంది. అడుగు రేకూ పక్క రేకూ కలిసే అతుకును బయటా లోపలా రెండువైపులా వెల్డింగు చేయాలి. మేస్త్రీ బయటివైపు మాత్రమే చేయించాడు. లోపల జానెడు దూరానికొక టాక్ పెట్టించాడు. తరువాత బయటి అతుకును గ్రైండింగు మిషనుతో నున్నగా చెక్కించి, లప్పం పెట్టించి, రంగు వేయించాడు. చూసేవారికి అది గీత కూడా కనపడని చక్కని పడవ. కాని ఆ పని తెలిసినవారికి తెలుసు. లోతుకు దిగని అతుకును పైన నున్నగా చెక్కితే మిగిలిన బలం కూడా తగ్గిపోతుంది. అందంగా కనిపించేకొద్దీ అది బలహీనపడింది.

ఈ అబ్బాయి గ్రైండింగు పట్టాడు. లప్పం పెట్టాడు. రంగూ వేశాడు. పడవ వెళ్ళిపోయింది. అలాంటిదే ఇంకొకటి అంతకుముందే వెళ్ళింది. మూడోది షెడ్డులో తయారవుతోంది.

ప్రియ పాఠకులారా! ఈ ప్రశ్న ఒక్క పడవది కాదు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైసుమిల్లుల్లో ధాన్యం ఎత్తే ఎలివేటర్లు, బరువైన హాపర్లు, ఉప్పుడు బియ్యం ట్యాంకులు, గోదాముల పైకప్పు ట్రస్సులు అన్నీ అతుకుల మీదే నిలబడి ఉన్నాయి. రంగు వేశాక ఏ అతుకు ఎంత లోతు దిగిందో కంటికి కనపడదు. కట్టెపనిలో లోపం బీట రూపంలో బయటపడుతుంది. బట్టలో లోపం ఉతికితే తెలుస్తుంది. ఇనుము లోపం మాత్రం చాలాసార్లు బరువు పడినరోజునే బయటపడుతుంది. ఆ రోజు కింద ఎవరుంటారో అతికినవాడికి తెలియదు. అతికినవాడు ఆ సమయానికి అక్కడ ఉండడు కూడా.

ప్రవక్తల చేతుల్లో ఇనుము

కొందరు తల్లిదండ్రులు తమ పిల్లవాడు వెల్డింగు పనిలో ఉన్నాడని చెప్పడానికి సిగ్గుపడతారు. మసి పని అంటారు. ఈ సిగ్గుకు ఇస్లాంలో చోటు లేదు. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) రాజు, ప్రవక్త కూడా. ఆయన కోసం అల్లాహ్ ఇనుమును మెత్తబరచాడని ఖుర్ఆన్ 34వ సూరాలో ఉంది. ఆయన తన చేతి కష్టంతోనే తినేవారని, మనిషి తినే తిండిలో స్వహస్తాలతో సంపాదించిన దానికంటే మేలైనది లేదని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేసినట్టు బుఖారీ గ్రంథంలో ఉంది.

మదీనాలో అబూ సైఫ్ అనే కమ్మరి ఉండేవారు. మహాప్రవక్త (స) తన ముద్దుల కుమారుడు ఇబ్రాహీంను పాలకోసం ఆ కమ్మరి ఇంట్లోనే ఉంచారు. కొలిమి తిత్తి ఊదుతుంటే ఇల్లంతా పొగ కమ్ముకునేది. ఆయన ఆ పొగ నిండిన ఇంటికే వెళ్ళి బిడ్డను ఎత్తుకొని ముద్దాడేవారు. హజ్రత్ అనస్ (రజి) ముందుగా పరుగెత్తి, దైవప్రవక్త వస్తున్నారు, కాసేపు తిత్తి ఆపమని చెప్పిన సందర్భం ముస్లిం గ్రంథంలో ఉంది. మసి పట్టిన చేతులను దైవప్రవక్త చిన్నచూపు చూడలేదు. మనమెవరం చూడటానికి?

అయితే గౌరవంతోపాటు బాధ్యత కూడా వస్తుంది. హజ్రత్ దావూద్ (అలై)కు కవచాలు తయారుచేయమని చెప్పిన అల్లాహ్ అక్కడితో ఆపలేదు. కవచంలోని కడియాలను సరైన కొలతతో కలపమని కూడా ఆదేశించాడు. కవచం అంటే వేలాది చిన్న కడియాల అల్లిక. అందులో ఒక్క కడియం వదులైతే దానిని తొడిగిన సైనికుడికి తెలియదు. బాణం తగిలిన క్షణానికి తెలుస్తుంది. ఒక ప్రవక్తకు అతుకు గురించి, కొలత గురించి విశ్వప్రభువు స్వయంగా చెప్పాడంటే, అతుకు చిన్న విషయం కాదని మనం గ్రహించాలి.

మూడు సాకులు

ఆ అబ్బాయి ప్రశ్నకు తిరిగి వద్దాం. ఇలాంటి సందర్భాల్లో సాధారణంగా మూడు సాకులు వినిపిస్తాయి. ఒక్కొక్కదాన్ని నిజాయితీగా పరిశీలిద్దాం. ఎందుకంటే ఈ మూడింటిలోనూ కొంత నిజముంది. నిజం కొంత ఉన్న సాకే ఎక్కువ ప్రమాదకరమైనది.

మొదటి సాకు: “మేస్త్రీ చెప్పాడు, నేను చేశాను.”

పని నేర్చుకునేవాడు మేస్త్రీ మాట వినాలి. వినకపోతే విద్య రాదు. మన పిల్లలు ఆయనను ఉస్తాద్ అని పిలుస్తారు. ఉస్తాద్ పట్ల అదబు చూపడం మన సంస్కారం. చేరిన మొదటి నెలలో, ఏ అతుకు ఎందుకో తెలియని రోజుల్లో, చెప్పినట్టు చేసిన పనికి అల్లాహ్ పిల్లవాణ్ణి పట్టుకుంటాడని మేము అనము. తెలియని దానికి లెక్క వేరు. కాని తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ఎనిమిది నెలల తరువాత ఆ అబ్బాయికి తెలుసు. తెలుసు గనుకనే నమాజులో పడవ కనపడింది.

సృష్టికర్తకు అవిధేయత అయ్యే విషయంలో ఏ మనిషికీ విధేయత లేదని మన దైవప్రవక్త (స) బోధించారు. ఇందులో తండ్రి, నాయకుడు, యజమాని, ఉస్తాద్ అందరూ వస్తారు. ఒకరి బరువును ఇంకొకరు మోయరని ఖుర్ఆన్ పలుచోట్ల హెచ్చరించింది. మేస్త్రీ వాటా పెద్దదే. దానివల్ల కుర్రవాడి వాటా సున్నా కాదు.

రెండో సాకు: “కొన్నవాడే చౌకగా కావాలన్నాడు.”

ఇక్కడ తేడా తెలుసుకోవాలి. నాలుగు మిల్లీమీటర్ల రేకు బదులు మూడు చాలని కొనుగోలుదారుడు తెలిసి ఒప్పుకుంటే, దానివల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేకపోతే, అందులో మోసం లేదు. పెరటి గేటుకు పూలడిజైను తగ్గించినా పాపం రాదు. అతనికి చెప్పకుండా తగ్గిస్తే అది మోసం. ఒకవేళ చెప్పినా, ఆ పని విరిగితే మూడో మనిషి చనిపోతాడంటే? అప్పుడు కొన్నవాడి ఒప్పుదల సరిపోదు. పడవ కొన్నది చెరువు యజమాని. నీటిమీద నిలబడేది కూలీ. కూలీ ప్రాణాన్ని తక్కువ ధరకు ఒప్పుకునే హక్కు యజమానికి ఎవరిచ్చారు?

పైగా ఒక వస్తువు ఎవరికి ఉపయోగపడుతుందో చేసినవాడు ముందుగా ఊహించలేడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరు కొల్లేటికి చేరి లంక గ్రామాల దారులు మునిగాయి. అక్కడివారికి పడవలే దిక్కయ్యాయి. మేత సంచులు మోయడానికి చేసిన పడవలో అలాంటి రోజున ఒక నిండు గర్భిణి కూర్చోవచ్చు. ఒక ముసలాయన కూర్చోవచ్చు. బడిపిల్లలు కూర్చోవచ్చు. బేరం కుదిరిననాడు వారెవరూ అక్కడ లేరు. వారి తరపున ఆ షెడ్డులో మాట్లాడగలిగింది అతికేవాడి మనస్సాక్షి ఒక్కటే.

మూడో సాకు: “ఈ రేటుకు ఇంతకంటే గిట్టదు.”

ఇది మేస్త్రీల సాకు. దీన్ని తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. ఫాబ్రికేషన్ పని సాధారణంగా కిలోకు ఇంత అని కుదురుతుంది. పక్క షెడ్డువాడు రూపాయి తగ్గిస్తే బేరం అటు పోతుంది. లోపలి వెల్డింగుకు రాడ్లు కావాలి, కరెంటు కావాలి, కూలి కావాలి. తూకంలో అది పెద్దగా కనపడదు. అందుకే కోత మొదట దానిమీద పడుతుంది. బేరమాడి బేరమాడి రేటును నేలకు దించిన కొనుగోలుదారుడు ఆ కోతలో భాగస్వామి కాడా? తమకు కొలిపించుకునేటప్పుడు నిండుగా తీసుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని 83వ సూరా ముతఫ్ఫిఫీన్ తీవ్రంగా హెచ్చరిస్తోంది. నిండు పని కోరి సగం కూలి ఇచ్చేవారు కూడా ఆ హెచ్చరిక వినాలి. మనలో షెడ్డు కట్టించుకున్నవారు, వాటర్ ట్యాంకు స్టాండు చేయించుకున్నవారు ఒక్కసారి గుర్తుచేసుకుంటే మంచిది.

అయినా రేటు గిట్టకపోతే ధర్మసమ్మతమైన మార్గాలు రెండున్నాయి. ఈ రేటుకు ఇంతే చేయగలనని విప్పి చెప్పడం ఒకటి. ప్రాణానికి ముప్పయితే పని వదులుకోవడం రెండోది. దాచిపెట్టడం మాత్రం మూడో మార్గం కాదు.

తడిసిన ధాన్యం పాఠం

మహాప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి అందులోకి చెయ్యి పెట్టారు. లోపల తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వర్షానికి తడిసిందని వ్యాపారి చెప్పాడు. అలాగైతే ఆ తడిసిన ధాన్యాన్ని జనానికి కనపడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడు తమవాడు కాడని గట్టిగా హెచ్చరించారు. ఇది ముస్లిం గ్రంథంలోని ప్రసిద్ధ హదీసు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. వర్షం కురిసినందుకు వ్యాపారిని తప్పుపట్టలేదు. తడి అతని పాపం కాదు. తడిని అడుగున ఉంచడం అతని పాపం. ఇనుప పనికి కూడా ఇదే కొలత. అతుకులో గాలి రంధ్రం పడవచ్చు. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ. భారీ పనుల్లో వాడే 7018 రకం రాడ్లు తేమ పీల్చుకుంటే అతుకులోకి హైడ్రోజన్ చేరి, పని ముగిసిన గంటల తరువాత కూడా చీలిక పుట్టవచ్చు. అందుకే వాటిని ఓవెన్లో 250 సెల్సియస్ డిగ్రీలకు పైబడిన వేడిలో ఆరబెట్టి వాడాలంటారు. ఎంత నిపుణుడి చేతిలోనైనా లోపం రావచ్చు. లోపం కనపడితే గ్రైండింగుతో తొలగించి మళ్ళీ అతకడం నిజాయితీ. దానిమీద లప్పం పూయడం ద్రోహం. రంగు తుప్పు పట్టకుండా కాపాడటానికే గాని తప్పు కనపడకుండా దాచడానికి కాదు.

ఆ ధాన్యం కొనేవారు ఏ మతంవారని హదీసులో ప్రస్తావన లేదు. కొల్లేటి చెరువుల్లో పనిచేసే కూలీల్లో ఎక్కువమంది ముస్లిమేతర సోదరులే. వారి ప్రాణం కూడా మన చేతిలో అమానతే. తనను చంపజూసిన మక్కావాసుల సొమ్మును సైతం వారికి తిరిగి అప్పజెప్పడానికి హిజ్రత్ రాత్రి హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచిన ప్రవక్త అనుచరులం మనం.

మోర్బీ చెప్పిన గుణపాఠం

కనపడని అతుకు ఎంతదూరం పోతుందో తెలుసుకోవాలంటే 2022 అక్టోబరు 30ని గుర్తుచేసుకోవాలి. గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛూ నదిమీద బ్రిటిషు కాలపు వేలాడే వంతెన మరమ్మతు జరిగి, తిరిగి తెరిచిన కొద్దిరోజులకే తెగిపోయింది. 135 మంది మరణించారు. వారిలో చిన్నపిల్లలు ఎందరో ఉన్నారు. ప్రత్యేక దర్యాప్తు బృందం చెప్పిన విషయాలు ప్రతి వెల్డరూ వినవలసినవి. ప్రధాన తీగలోని 49 పోగుల్లో 22 ముందే తుప్పుపట్టి ఉన్నాయి. వంతెన పలకను తీగకు వేలాడదీసే పాత కడ్డీలను మార్చకుండా వాటికే కొత్త కడ్డీలు వెల్డింగు చేశారు. నడిచే దారి మాత్రం కొత్తగా పరిచారు. పండుగ సెలవుల్లో వచ్చిన జనం కాళ్ళకింద కొత్త పలకలు చూశారు. తలమీది పాత తీగ సంగతి వారికి తెలియదు.

కోర్టులు కంపెనీలను, అధికారులను విచారిస్తాయి. అది వాటి పని. కాని ఆ పాత కడ్డీకి కొత్త కడ్డీ అతికిన చెయ్యి ఎవరిదో? ఎవరో ఒక కూలీది. ‘ఇది నిలుస్తుందా అన్నా?’ అని ఆ రోజు అతని నోట ఒక్క మాట వచ్చి ఉంటే? వచ్చినా ఎవరూ వినకపోయి ఉండవచ్చు. విననివాడి లెక్క విననివాడిది. అడగనివాడి లెక్క అడగనివాడిది.

కొత్తగా పనిలో చేరేవారికి

ఇనుప పనిలోకి వెళ్ళదలచిన పిల్లలకు, వారి తల్లిదండ్రులకు కొన్ని మాటలు చెప్పదలిచాము.

ఒకటి: సరిగా నేర్చుకోండి. ఐ.టి.ఐ.లో వెల్డర్ కోర్సు ఒక సంవత్సరం, ఫిట్టర్ కోర్సు రెండు సంవత్సరాలు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టయిపెండుతో పని నేర్చుకునే అవకాశం కూడా ఉంది. నేరుగా షెడ్డులో చేరినా తప్పులేదు. కాని మొదటి ఏడాది ఇనుము పట్టుకోవడం, స్లాగు కొట్టడం, గ్రైండింగు చేయడం వంటి పనులను చిన్నతనంగా భావించవద్దు. స్లాగు కొట్టేవాడే అతుకును అందరికంటే ముందు చూస్తాడు. చూడటం అక్కడే అలవడుతుంది.

రెండు: రాని పనిని వచ్చని చెప్పవద్దు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని అబూ దావూద్ గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. బరువు మోసే ట్రస్సును పని రానివాడు అతకడం అంతకంటే తక్కువ ప్రమాదమా? గల్ఫ్ వీసాకోసం ఐదేళ్ళ అనుభవం ఉన్నట్టు దొంగ సర్టిఫికెట్లు కొనేవారున్నారు. అది దొంగ సాక్ష్యం. అక్కడ ట్రేడ్ టెస్టులో తప్పితే డబ్బు పోతుంది. పొరపాటున నెగ్గితే ఎవరి ప్రాణమో పోతుంది.

మూడు: మీ శరీరమూ అమానతే. నల్ల అద్దం లేకుండా వెల్డింగు వెలుగు చూస్తే ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. జింకు పూత రేకు అతికేటప్పుడు వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. డీజిలు పోసిన పాత డ్రమ్మును శుభ్రం చేయకుండా మంట పెడితే బాంబులా పేలుతుంది. చెరువు గట్టున తడికాళ్ళతో, చిరిగిన చేతితొడుగులతో రాడ్డు పట్టుకుంటే కరెంటు కొడుతుంది. నైలాను బట్టలు వద్దు. నూలు బట్టలు, తోలు చేతితొడుగులు, బూట్లు తప్పనిసరి. తవక్కుల్ అంటే ఒంటెను కట్టి అల్లాహ్‌ను నమ్ముకోవడమని మనకు నేర్పారు. విప్పి నమ్ముకోవడం కాదు.

నాలుగు: అడగడం నేర్చుకోండి. ఎదిరించడం కాదు, అడగడం. ‘ఉస్తాద్, లోపలివైపు కూడా వేద్దామా? నేను భోజనం వేళలో వేస్తాను’ అని వినయంగా అన్నమాట చాలాసార్లు పనిచేస్తుంది. పనిచేయకపోతే, ప్రాణానికి ముప్పున్న పనిలో చెయ్యి పెట్టనని చెప్పే ధైర్యం కావాలి.

ఇది చెప్పినంత తేలిక కాదని మాకు తెలుసు. కూలి పోతుందనే భయం ఆకలిగొన్న ఇంటికే తెలుస్తుంది. హజ్రత్ ఖబ్బాబ్ (రజి) మక్కాలో కమ్మరి. ఆస్ బిన్ వాయిల్ అనే నాయకుడు ఆయనకు డబ్బు బాకీపడ్డాడు. ముహమ్మద్ (స)ను తిరస్కరిస్తేనే బాకీ తీరుస్తానన్నాడు. ఖబ్బాబ్ తన కష్టార్జితాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డారు గాని సత్యాన్ని వదులుకోలేదు. ఈ సంఘటన సందర్భంగానే 19వ సూరాలోని ఆయతులు అవతరించాయి. కమ్మరి కొలిమి దగ్గర కూర్చున్నవాడికి ఇంతకంటే దగ్గరి ఆదర్శం ఎక్కడ దొరుకుతుంది?

అయితే పిల్లలను ధైర్యంగా ఉండమని చెప్పి పెద్దలు ఇంట్లో కూర్చోకూడదు. నిజం చెప్పి పని పోగొట్టుకున్న కుర్రవాడికి నెలరోజుల బియ్యం, మరో షెడ్డులో చోటు చూపించలేని మొహల్లా అతని నుంచి నిజాయితీని ఏ ముఖంతో కోరుతుంది? బైతుల్‌మాల్ ఉన్న మస్జిదు కమిటీలు దీన్ని కూడా తమ బాధ్యతగా తీసుకోవాలి.

చివరికి ఏం జరిగింది?

ఆ సాయంత్రం అబ్బాయితో మేము ఇలా అన్నాము: “బేటా! నీ వాటా నీదే. పశ్చాత్తాపం చెందు. కాని ఇది అల్లాహ్‌కూ నీకూ మధ్య మాత్రమే ఉన్న వ్యవహారం కాదు. ఇందులో దాసుల హక్కు ఉంది. పడవ ఎక్కడుందో వెతికి సరిచేయకుండా తౌబా పూర్తికాదు.”

మరునాడు అతనితో కలిసి షెడ్డుకు వెళ్ళాము. మేస్త్రీకి అరవై ఏళ్ళుంటాయి. మమ్మల్ని చూసి మొదట చిరాకు పడ్డాడు. “సాయిబుగారూ, రేటు మీరిప్పిస్తారా?” అన్నాడు. మేము వాదించలేదు. రంగు వేయని మూడో పడవ ముందే ఉంది. దాన్ని పరీక్షించి చూపమని మాత్రం కోరాము. ఆయనకు ఆ విద్య తెలుసు. అతుకు బయటివైపు సుద్ద పూసి, లోపలివైపు కిరసనాయిలు రాయించాడు. అందరం నిలబడి చూస్తున్నాము. కొంతసేపటికి తెల్లని సుద్దమీద ఒక నల్లటి చుక్క తేలింది. తరువాత ఇంకొకటి. తరువాత వరుసగా నాలుగు. మేస్త్రీ ఏమీ మాట్లాడకుండా చాలాసేపు ఆ చుక్కలనే చూశాడు. “మా గురువు ఇది చూస్తే నన్ను కొట్టేవాడు” అన్నాడు చివరికి.

ఆ పడవకు ఆ రోజే లోపల నిండుగా వెల్డింగు పడింది. రంగు వేసి పంపిన రెండింటిలో ఒకదాన్ని ఫోను చేసి వెనక్కు రప్పించి తన ఖర్చుతోనే సరిచేయించాడు. రెండోది అప్పటికే చేతులు మారింది. కొన్నవాడు ఇంకెవరికో అమ్మాడు. ఏ చెరువులో ఉందో తెలియలేదు. మేస్త్రీ వెతుకుతానన్నాడు. అబ్బాయి మాత్రం ఇప్పటికీ కొల్లేటివైపు పనిమీద వెళ్ళినప్పుడల్లా గట్టున కట్టిన ప్రతి ఇనుప పడవ దగ్గరా ఆగి, లోపలి అతుకును వేలితో తడిమి చూస్తాడట. ఇంకా దొరకలేదు.

పాపం ఎవరిదని అడిగిన అబ్బాయికి ఆ వెతుకులాటే సమాధానమని మేము అనుకుంటున్నాము. మేస్త్రీది ఎంత, కొన్నవాడిది ఎంత, తనది ఎంత అని లెక్కవేసి చూసేవాడు అల్లాహ్. ఆ లెక్కలో అణువంత కూడా తేడా రాదు. మన పని వాటాలు పంచడం కాదు. మన చేతిమీదుగా వెళ్ళిన దానిని సరిచేయడం. ప్రళయదినాన మన చేతులే మనమీద సాక్ష్యమిస్తాయని ఖుర్ఆన్ 36వ సూరా హెచ్చరిస్తోంది. నిప్పురవ్వలకు కాలి మచ్చలు పడిన ఆ చేతులు ఆ రోజున ఏం చెబుతాయో, ఈ రోజు రంగు వేయకముందే ఆలోచించుకోవడం మంచిది.

అల్లాహ్ మన పిల్లల చేతులకు నైపుణ్యాన్ని, నోటికి సత్యాన్ని, మన పెద్దలకు వారిని ఆదుకునే మనసును ప్రసాదించుగాక! దొరకని ఆ పడవ మీద నిలబడినవారిని క్షేమంగా ఉంచుగాక! ఆమీన్.